కోత పండుగ స్టాళ్లు: వంట ఎవరిది, లెక్క ఎవరిది?

వరి కోతలు మొదలైతే మన సంఘాల్లో కోత పండుగ మాట వినబడుతుంది. ఊరినీ పంటనూ బట్టి కొందరు నవంబరులో చేస్తారు, కొందరు సంక్రాంతి వెళ్లాక చేస్తారు. గుమ్మానికి వరికంకుల తోరణం, బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆశీర్వాదం అయి బయటికి వస్తే షామియానా కింద బల్లలు. స్త్రీల మైత్రి వారి పులిహోర, బిరియానీ పొట్లాలు ఒకచోట, మిర్చి బజ్జీల బాణలి ఇంకొకచోట. అరిసెలు, సున్నుండలు, జంతికలు కవర్లలో కట్టి ఉంటాయి. యవ్వనస్థుల నిమ్మసోడా బల్ల దగ్గర పిల్లల గోల. సాయంత్రానికి పాస్టరుగారు మైకులో ఈ ఏడు స్టాళ్ల మీద ఇంత వచ్చిందని చెబుతారు. స్తోత్రం అంటాం, చప్పట్లు కొడతాం, ఇంటికి వెళ్తాం.

ఆ "ఇంత వచ్చింది" అన్న మాట గురించే ఈ వారం రాస్తున్నాం. ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి చేతుల్లోంచి వచ్చింది? మొదటిసారి స్టాల్ పెట్టబోతున్న సంఘాలకు పనికొచ్చే వివరాలు కూడా ఇందులోనే ఇస్తున్నాం.

ఈ పండుగ బైబిల్లో పాతదే. నిర్గమకాండము 23లో కోత పండుగ ఉంది. ద్వితీయోపదేశకాండము 26లో ప్రథమఫలాలు గంపలో పెట్టుకుని యాజకుని దగ్గరికి నడిచే రైతు ఉన్నాడు. అయితే ఇప్పుడు మనం గుళ్లో చేసే పద్ధతి మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1843లో కార్న్‌వాల్ ప్రాంతంలోని మోర్వెన్‌స్టో అనే ఊళ్లో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే గురువు కోత కృతజ్ఞతకని ప్రత్యేక ఆరాధన జరిపాడు. ఆ తర్వాత అది ఆంగ్లికన్ సంఘాల్లో పాకి, మిషనరీలతో పాటు మన పొలాల గట్ల మీదికి చేరింది. ఇక్కడ దానికి కొత్త అవసరం తగిలింది. మన తొలి విశ్వాసుల్లో ఎక్కువమంది కూలి గింజల మీద బతికినవారు. చేతిలో నాణెం ఆడేది కాదు. కాబట్టి కానుక అంటే మానెడు జొన్నలో, కోడిపెట్టో, గంపెడు మిరపకాయలో అయ్యేది. వాటిని గుడి ముందే వేలం వేస్తే డబ్బయ్యేది. దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు (1912లో అభిషేకం, 1945లో మరణం) బీద సంఘమైనా తన చేత్తో తాను ఇవ్వడం నేర్చుకోవాలని పట్టుబట్టినవారు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు.

పొలం లేని పట్నం సంఘంలో వేలానికి కంకులెక్కడివి? జీతగాళ్లు, ఆటో నడిపేవాళ్లు, నర్సులు ఉన్న సంఘం వండుకొచ్చి అమ్మడం మొదలుపెట్టింది. స్టాళ్లు పెరగడానికి మాకు తోచే కారణం ఇదే. పల్లె గింజ ఇచ్చింది, పట్నం వంట ఇచ్చింది. మెదక్ గుడిని కరువు రోజుల్లో కూలీలకు అన్నం పెట్టి కట్టించారని చెప్పుకుంటాం. మనం ఇప్పుడు అన్నం అమ్మి రేకులు వేయిస్తున్నాం.

ఇంటి వంటను సంఘ నిధిగా మార్చడం ఒక్క తెలుగువారి ఆలోచన కాదు. మిజోరంలో 1910 నుంచి నడుస్తున్న ఒక పద్ధతి ఉంది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో పోస్తుంది. సంఘ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు, అది అమ్మగా వచ్చిన డబ్బు సువార్త పనికి వెళ్తుంది. అక్కడ దాన్ని "బుహ్‌ఫాయ్ థామ్" అంటారు. మన పల్లెల్లోని గుప్పెడు బియ్యం ముంత ఎరిగినవారికి వేరే వివరించనక్కర్లేదు. గ్యాస్ పొయ్యిలొచ్చాక ఆ ముంతలు ఎన్ని ఇళ్లలో మిగిలాయో లెక్కపెట్టుకుంటే బాధే.

ఊరంతా కూడే సంతలో సంఘం వంట అమ్మడానికి బాగా పేరుపడిన ఉదాహరణ అమెరికాలో ఉంది. మిన్నెసోటా రాష్ట్రంలో వేసవి చివర 12 రోజులు పెద్ద జాతర జరుగుతుంది. పశువుల పోటీలు, రంగులరాట్నాలు, వందల తినుబండారాల అంగళ్లు. హామ్లిన్ మెథడిస్టు సంఘం 1897 నుంచి అక్కడ భోజనశాల నడుపుతోంది. ఆ జాతరలో ఇన్నేళ్లుగా నడుస్తున్న తిండి అంగడి మరొకటి లేదు. లూథరన్లయిన సేలమ్ సంఘం వారు 1949 నుంచి స్వీడన్ పద్ధతిలో గుడ్డు కాఫీ అమ్ముతున్నారు. కాఫీ పొడిలో గుడ్డు కలిపి మరిగించి వడకడతారు, చేదు తగ్గుతుందట. మన ఫిల్టరు కాఫీ వాళ్లు నవ్వుకోవచ్చు గాని, అక్కడ దానికి వరుసలో నిలబడతారు. ఒకప్పుడు ఆ జాతరలో సంఘాల భోజనశాలలు చాలా ఉండేవి. ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 12 రోజులు పొయ్యి దగ్గర నిలబడే చేతులు ఎక్కడైనా అంత సులువుగా దొరకవు.

అసలు విషయం ఆ చేతుల దగ్గరే ఉంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ధరలు మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే. స్త్రీల మైత్రి 300 చికెన్ బిరియానీ పొట్లాలు కట్టి, ఒక్కొక్కటి 120 రూపాయలకు పెట్టింది. 270 అమ్ముడుపోయాయి, 30 మిగిలితే పనిచేసినవాళ్లు, ముసలివాళ్లు తిన్నారు. గల్లాలో 32,400 రూపాయలు. మైకులో చెప్పేది ఈ అంకె.

ఇప్పుడు ఖర్చు. బియ్యం 30 కిలోలు, కిలో 100 చొప్పున 3,000. కోడి మాంసం 45 కిలోలు, కిలో 220 చొప్పున 9,900. నూనె, నెయ్యి, ఉల్లిపాయలు, పెరుగు, మసాలాలకు 6,000. గ్యాస్, టెంట్ హౌస్ గుండిగల అద్దె 3,000. పొట్లాల డబ్బాలకు 1,500. మొత్తం 23,400. ఇందులో బియ్యమూ మాంసమూ, అంటే 12,900 రూపాయల సరుకు, నాలుగైదు కుటుంబాలు ఉచితంగా ఇచ్చాయనుకుందాం. కోశాధికారి చేతి నుంచి పోయింది 10,500 మాత్రమే కనుక, 21,900 మిగిలిందని పుస్తకంలో రాస్తాడు. అది తప్పు కాదు. కాని స్టాల్ సంపాదించింది అంత కాదు. ఆ 21,900లో 12,900 ఆ కుటుంబాల కానుక. అమ్మకం మీద మిగిలింది 9,000.

ఇంకో అడుగు వేద్దాం. శనివారం సాయంత్రం ఉల్లిపాయలు తరగడం నుంచి ఆదివారం రాత్రి గుండిగలు తోమి అప్పగించడం దాకా 12 మంది అక్కలు తలా 10 గంటలు పనిచేశారు. 120 గంటలు. 9,000ను దానితో భాగిస్తే గంటకు 75 రూపాయలు. అంటే స్టాల్ లాభం అని మనం మైకులో చెప్పుకునేది నిజానికి 12 మంది స్త్రీలు సంఘానికి రాసిచ్చిన కూలి. వాళ్లలో కొందరు సోమవారం పొద్దున్నే మళ్లీ పనికి వెళ్లేవాళ్లే. ఆదివారం ఆరాధనలో సగం వాళ్లు వినలేదు, పొయ్యి దగ్గర ఉన్నారు.

ఈ లెక్క చూసి ఒక పెద్దమనిషి మాతో అన్నారు: "ఇంత యాతన ఎందుకండీ, తలా 750 కానుక వేసేస్తే అయిపోతుంది కదా?" 750 నోటు రూపంలో తీయగలిగినవాళ్లకు ఆ మాట నిజమే. తీయలేనివాళ్లకు పొయ్యి దగ్గర నిలబడటమే కానుక. పైగా గుడి మెట్లెక్కని పక్కింటివాడు బజ్జీల కోసం ఆవరణలోకి వస్తాడు. పేరు తెలియని ఇద్దరు స్త్రీలు ఒకే గుండిగ చెరోవైపు పట్టుకున్నాక పేర్లు తెలుసుకుంటారు. స్టాళ్లు మానేయమని మేము చెప్పడం లేదు. మైకులో చెప్పే మాట మార్చమంటున్నాం. "సరుకుగా వచ్చిన కానుక 12,900, అమ్మకం మీద మిగులు 9,000, పనిచేసిన చేతులు 12, గంటలు 120" అని చదవడానికి అర నిమిషం పట్టదు.

బల్ల దగ్గర ఎవరు, పొయ్యి దగ్గర ఎవరు

చాలా సంఘాల్లో మేము చూసింది ఇది: వండేది స్త్రీలు, గల్లాపెట్టె ముందు కూర్చునేది పెద్దలు. స్త్రీలలో కూడా వడ్డించే బల్ల దగ్గర ఉద్యోగస్థుల కుటుంబాలు, గిన్నెలు తోమే కుళాయి దగ్గర పేటలో చివరి ఇళ్లవారు. ఎవరూ నియమించరు. దానంతట అదే జరిగిపోతుంది. డబ్బు దేనికి వాడాలన్న నిర్ణయం కమిటీ గదిలో అవుతుంది, ఆ గదిలో ఉల్లిపాయలు తరిగినవాళ్లు ఒక్కరూ ఉండరు. కిందటి ఏడు వంటగదికి పైకప్పు వేయిస్తామన్న డబ్బుతో మైకు సెట్టు వచ్చిందని ఎండలో వండుతూ చెప్పిన అక్కలను మేమే విన్నాం.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఈ చోటు గురించే. అనుదిన ఆహారం పంచడంలో గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రను చిన్నచూపు చూశారని సణుగు పుట్టింది. ఎంపికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపు వాళ్ల చేతికే బల్ల ఇచ్చినట్టు కనబడుతుంది. మన కమిటీలు ఆ పద్ధతి పాటిస్తే చాలు. స్టాళ్ల డబ్బు దేనికన్నది పండుగకు ముందే నిర్ణయించాలి, ఆ నిర్ణయంలో వండేవారు ఉండాలి, తర్వాత మార్చాల్సి వస్తే వాళ్లనే మళ్లీ అడగాలి.

ఇంకొక మాట చెప్పడానికి చేదుగా ఉంటుంది. ఊరి జాతరలోనో, రథోత్సవం దారిలోనో సంఘం తరఫున స్టాల్ పెట్టిన కొన్నిచోట్ల సీసా నీళ్లు అమ్ముడుపోతాయి, సోడా అమ్ముడుపోతుంది, బిస్కెట్ పొట్లాలు అమ్ముడుపోతాయి, పులిహోర మాత్రం గుండిగలోనే ఉండిపోతుంది. ఎందుకో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అలాంటప్పుడు వంట "బయటి మాస్టరు" చేత చేయించి, ఆ మాట బోర్డు మీద రాయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. అమ్మకం పెరుగుతుంది, నిజమే. ఆ బోర్డు కట్టిన రోజు మన అక్కల చేతి వంట అంటరానిదని మనమే ఒప్పుకున్నట్టు. ఆ ఏడు పులిహోర మిగిలితే మిగలనివ్వండి. ముందు మన లోపల చూసుకోవాల్సిందీ ఉంది. మాల, మాదిగ విశ్వాసులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలని అజరయ్యగారు జీవితమంతా పోరాడారు. ఎవరింటి నుంచి వచ్చిన వంటో చూసి పొట్లం ఎంచుకునే కళ్లు మన ఆవరణలో ఇప్పటికీ లేవని చెప్పగలమా?

ధర విషయం కూడా ఇక్కడిదే. ద్వితీయోపదేశకాండము 16లో పండుగ సంతోషంలో దాసుడు, పరదేశి, తండ్రిలేనివారు, విధవరాలు పేరుపేరునా ఉన్నారు. నలుగురు పిల్లలున్న కూలి కుటుంబానికి 120 రూపాయల పొట్లం అంటే 700 రూపాయల పైమాట. వాళ్లు గేటు దగ్గర నుంచే ఇంటికి వెళ్లిపోతారు. కాబట్టి ప్రేమవిందునూ స్టాలునూ కలపకండి. పప్పు, అన్నం, సాంబారు అందరికీ ఉచితంగా ఒకే పంక్తిలో పెట్టి, బిరియానీ, పిండివంటలు అమ్మకానికి ఉంచితే ఎవరూ ఆకలితో వెళ్లరు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఒకడు ఆకలిగా ఉండగా మరొకడు మత్తుగా ఉన్న విందు గురించి చదివినవాళ్లకు ఈ జాగ్రత్త కొత్తది కాదు.

గుడి ఆవరణలో అమ్మకమే తప్పని, యేసుప్రభువు బల్లలు పడద్రోశాడు కదా అని అడిగేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. మార్కు 11లో ఆయన కోపం ప్రార్థన స్థలాన్ని దోపిడీ చోటు చేయడం మీద. దూరం నుంచి వచ్చేవాడు తన దశమభాగాన్ని వెండిగా మార్చి, అక్కడికొచ్చి తిండి కొనుక్కుని కుటుంబంతో సంతోషించవచ్చని ద్వితీయోపదేశకాండము 14 చెబుతుంది. అమ్మకం ఉంది, తినడం ఉంది, దోపిడీ లేదు. మా మటుకు మేము గీసుకున్న గీత: ఆశీర్వాదం అయ్యేవరకు బజ్జీల పొయ్యి వెలగకూడదు, వాక్యం మధ్యలో కూపన్లు తిరగకూడదు.

డబ్బు, తిండి: రెండిటికీ శుభ్రం

రాజైన యోవాషు కాలంలో మందిరం బాగుచేయడానికి పెట్టెకు బెజ్జం వేసి కానుక పట్టారు (2 రాజులు 12). పనివారిని లెక్క అడగలేదు, వాళ్లు నమ్మకస్థులు అనే 15వ వచనం చూపించి లెక్క తప్పించుకునే పెద్దలను మేము ఎరుగుదుం. పదో వచనం చదవరు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖకుడూ ప్రధానయాజకుడూ ఇద్దరూ కలిసి వచ్చి లెక్కించారు. ఒక్కరు కాదు. పౌలు కూడా బీద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా మోసుకెళ్లేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకుండా తోడు మనుషులను పెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8).

ఈ రోజుల్లో దాని అర్థం ఇది. వరుస నంబర్లున్న కూపన్లు ఒకే బల్ల దగ్గర అమ్మాలి. వడ్డించేచోట డబ్బు ముట్టకూడదు, అది శుభ్రానికీ మంచిదే. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, వారిలో ఒకరు స్త్రీల మైత్రి నుంచి. ఫోన్‌తో డబ్బు పంపే కోడ్ అట్ట సంఘం బ్యాంకు ఖాతాదే అయి ఉండాలి. "ప్రస్తుతానికి మా అబ్బాయి నంబరుకి కొట్టండి" అన్న మాటతో చెడిన స్నేహాలు చాలా ఉన్నాయి. వేలంపాట బాకీలు వేరే కాగితం మీద రాయండి. వసూలు కానిది వచ్చినట్టు చదవకండి.

తిండి విషయంలో చట్టమూ ఉంది. 2011 నాటి ఆహార భద్రత లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనల్లో చిన్న ఆహార వ్యాపారి అన్న మాట కిందికి తాత్కాలిక స్టాలు పెట్టేవారు వస్తారు. మతపరమైన, సామాజిక కూటముల్లో ఆహారం పంచేవారు కూడా వస్తారు. మన గుడే కదా అని వదిలేయకుండా జిల్లా ఆహార భద్రత అధికారి కార్యాలయంలో ముందే అడగండి. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధం. అడ్డాకు, మోదుగాకు విస్తర్లు కుట్టేవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు, ఆ డబ్బు వాళ్లకు పోనివ్వండి.

వండిన అన్నం, మాంసం 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉండాలి. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే కడుపులు చెడతాయి. తెల్లవారుజామున వండిన బిరియానీని మూతబిగించి పొట్లాలు కట్టి మధ్యాహ్నం రెండింటిదాకా అమ్మడం మనం చేసే పెద్ద పొరపాటు. ఆరాధన జరుగుతుండగా దమ్ము వేసి, గుండిగ నుంచి అప్పటికప్పుడు పొట్లం కట్టండి. చింతపండు పులుపు వల్ల పులిహోర కొంత నిలుస్తుంది. పెద్దవాళ్లు ప్రయాణాలకు అదే కట్టుకెళ్లేవారు. పెరుగన్నం నిలవదు, ఎండలో అసలే నిలవదు. చేతికి కోసుకున్న గాయం, విరేచనాలు, జలుబు ఉన్నవారు ఆ రోజు కూపన్ల బల్ల దగ్గర కూర్చోవచ్చు, వంట దగ్గర వద్దు. వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు వేసిన వంటకానికి ఆ పేరు అట్ట మీద రాయండి.

మిగిలింది లెక్క కాగితం. పండుగ అయిన వచ్చే ఆదివారానికల్లా గుడి గుమ్మం పక్కన బోర్డుకు అంటించండి. సరుకు ఇచ్చిన కుటుంబాలు, నగదు ఖర్చు, అమ్మకం, మిగులు, దేనికి ఎంత వెళ్తుంది. కింద సంతకాలకు మూడు గీతలు ఉంచండి: పాస్టరుగారికి ఒకటి, కోశాధికారికి ఒకటి, గుండిగలు తోమినవారిలో ఒకరికి ఒకటి. సంతకం రాని అమ్మ వేలిముద్ర వేస్తుంది, ఇంకు ప్యాడు దగ్గర ఉంచుకోండి.